సెట్టు మీద మాట తెర మీదికి ఎందుకు రాదు? రావాలంటే ఎలా?

హైదరాబాద్ ఫిల్మ్‌నగర్‌లో షూటింగ్ చూడ్డానికి మొదటిసారి వెళ్లినవాళ్లు నిరాశపడేది గొంతు దగ్గరే. తెర మీద గర్జించే హీరో అక్కడ గొణిగినట్టు మాట్లాడతాడు. హీరోయిన్‌కు కెమెరా పక్కన కూచున్న అసిస్టెంట్ డైరెక్టర్ ముక్క ముక్కా అందిస్తుంటాడు, ఆమె అందుకుని అంటుంది. మధ్యలో డైరెక్టర్ "ఇప్పుడు కుడివైపు చూడమ్మా, ఆ... నవ్వు" అని కేకేస్తాడు. ఎవరిదో ఫోన్ మోగుతుంది. ఎవరూ కంగారుపడరు. అక్కడ పుట్టే శబ్దమేదీ సినిమాలోకి పోదని అందరికీ తెలుసు.

కొన్ని వారాలో నెలలో గడిచాక, ఏసీ వేసిన చీకటి గదిలో ఆ బొమ్మను మళ్లీ మళ్లీ వేసుకుంటూ, పెదాల కదలికను పట్టుకుని మాట చెబుతారు. చెప్పేది ఆ నటుడే కావచ్చు, ఇంకొకరు కావచ్చు. అడుగుల చప్పుడు, తలుపు కిర్రు, గ్లాసు బల్ల మీద పెట్టిన టక్కు, ఇవన్నీ వేరేగా చేసి అతికిస్తారు. ఇదే డబ్బింగ్ పద్ధతి. మరి కెమెరా బొమ్మను పట్టినప్పుడే మైకు మాటను కూడా పట్టేస్తే ఈ గొడవంతా ఉండదు కదా?

ఉండదు. అలా పట్టడాన్నే లైవ్ సౌండ్ అనీ సింక్ సౌండ్ అనీ అంటున్నారు. ఇదేదో నిన్న మొన్న దిగుమతైన వింత అనుకుంటే పొరపాటు. మన సినిమాకు మాటలొచ్చిందే అలా.

1931 మార్చి 14న విడుదలైన 'ఆలం ఆరా'కు దర్శకుడు ఆర్దేషిర్ ఇరానీయే శబ్దగ్రహణం పని కూడా చూసుకున్నాడు. బొంబాయిలో ఆ స్టూడియోకు దగ్గర్లోనే రైలు పట్టాలు. పగలంతా రైళ్ల రొద. అందుకని రైళ్లు ఆగే వేళ చూసుకుని, అర్ధరాత్రి దాటాక ఎక్కువ భాగం తీశారు. నటుల చుట్టుపక్కల, కెమెరా కంటికి ఆనకుండా మైకులు దాచేవారు. ఆ ఇరానీ దగ్గర పనిచేసిన హెచ్.ఎం. రెడ్డి తెలుగులో తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' తీశాడు. లీలావతి వేషం సురభి కమలాబాయిది. పుట్టిందీ పెరిగిందీ నాటకాల్లో. మైకు లేకుండానే కట్టకడపటి వరుసదాకా మాట వినిపించడం ఆమెకు చిన్ననాటి విద్య. ప్లేబ్యాక్ ఇంకా రాలేదు కాబట్టి పాటైనా పద్యమైనా కెమెరా ముందు పాడాల్సిందే.

ఆ తర్వాత మద్రాసు స్టూడియోల కాలంలోనూ సంభాషణలు చాలావరకు ఫ్లోరు మీదే రికార్డయ్యేవి. పాత సినిమాల టైటిల్స్‌లో 'శబ్దగ్రహణం' అని ఒక కార్డు పడుతుంది చూడండి. 'మాయాబజార్' (1957) చూస్తే ఎ. కృష్ణన్, వి. శివరామ్ పేర్లు కనిపిస్తాయి. అప్పటి ఫ్లోర్లు బయటి చప్పుడు లోపలికి రాకుండా మందపాటి గోడలతో కట్టినవి. కెమెరాకు చప్పుడు బయటికి రాని తొడుగు ఉండేది. అన్నిటికంటే ముఖ్యం, నటులు డైలాగును కంఠతా పట్టి వచ్చేవారు.

అంత బాగా సాగుతున్నదాన్ని ఎందుకు వదిలేశారంటే, కెమెరా స్టూడియో గేటు దాటి బయటికి వెళ్లింది గనక. భుజాన వేసుకుని ఎక్కడికైనా తీసుకుపోగల ఏరీ 2సీ లాంటి కెమెరాలు వచ్చాయి. తేలికే, కానీ నడుస్తుంటే కుట్టుమిషన్ పెట్టినట్టు ఒకటే టకటక. దాని పక్కన నిలబడి హీరోయిన్ రహస్యం చెబితే మైకుకు వినిపించేది మిషనే. ఆర్క్ లైట్ల బుసబుసలు, జనరేటర్ హోరు, చుట్టూ మూగిన జనం దానికి తోడు. సెట్టు మీద రికార్డు చేసిన మాట పైలట్ ట్రాక్‌గా మిగిలింది. అంటే డబ్బింగ్ చెప్పేటప్పుడు ఎక్కడ ఏమన్నారో గుర్తుకు తెచ్చుకోడానికే. అక్కినేని నాగేశ్వరరావు 1970ల మధ్యలో హైదరాబాద్‌లోని ఈ కొండల మీద అన్నపూర్ణ స్టూడియోస్ కట్టడం, 1989లో ఫిల్మ్‌నగర్‌లో రామానాయుడు స్టూడియో రావడం, క్రమంగా పరిశ్రమ మద్రాసు నుంచి ఇక్కడికి చేరడం మనకు తెలిసిన కథే. సామాన్లతో పాటు డబ్బింగ్ అలవాటు కూడా బండెక్కి వచ్చింది.

డబ్బింగ్‌ను తక్కువ చేసి మాట్లాడను. సుమన్‌కూ రాజశేఖర్‌కూ సాయికుమార్ గొంతు లేకపోతే ఆ సినిమాలు ఎలా ఉండేవో ఊహించుకోండి. కమల్ హాసన్ తెలుగులో మనవాడైపోయింది ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతుతో. 'అరుంధతి' (2009)లో సోనూ సూద్‌కు చెప్పిన రవిశంకర్‌కు బొమ్మాళి రవిశంకర్ అన్న పేరే స్థిరపడింది. 'ఏ మాయ చేసావె' (2010)లో సమంత మాట చిన్మయిది. ఇది కళే, అందులో సందేహం లేదు.

అయితే పోయేదేమిటి? మెట్లెక్కి వచ్చి ఆయాసంతో మాట్లాడే మనిషి గొంతులో ఆ ఆయాసం మాటమాటకీ వేరేగా ఉంటుంది. ఏడుపు ఆపుకుంటూ మాట్లాడితే పదం మధ్యలో గొంతు జీరపోతుంది. ఎదుటివాడు నిజంగా కసిరితే జవాబు అరక్షణం ఆలస్యంగా, తడబడుతూ వస్తుంది. డబ్బింగ్ గదిలో కదలకుండా నిలబడి, పెదాల మీద చూపు పెట్టి చెప్పేటప్పుడు వీటిని మళ్లీ తయారు చేసుకోవాలి. మహానుభావులు చేస్తారు. మిగతావాళ్లు పెదాలు కలిపితే చాలనుకుంటారు. మన సినిమాల్లో రోడ్డు మీద నిలబడ్డా, పడగ్గదిలో ఉన్నా, బావి గట్టున కూచున్నా మాట ఒక్కలాగే మైకును ముద్దుపెట్టుకున్నట్టు వినబడటం అందుకే.

ఇక ఎలా అన్న సంగతికి వద్దాం. మైకు ఎంత ఖరీదుదన్న దానికంటే, అది నోటికి ఎంత దగ్గరగా ఉందన్నదే ముఖ్యం. మూరెడు దూరంలో ఉన్న మైకును రెండు మూరలకు జరిపితే మాట 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గదిలోని మిగతా చప్పుడు మాత్రం తగ్గదు. అది అన్ని వైపుల నుంచీ వస్తోంది కాబట్టి అలాగే ఉంటుంది. కనక మైకు దూరం జరిగేకొద్దీ మాట గదిలో మునిగిపోతుంది. తర్వాత కంప్యూటర్లో శబ్దం పెంచితే మాటతో పాటు గది కూడా పెరుగుతుంది.

అందుకే బూమ్ మైకు. పొడవాటి కర్ర చివర, ఒక దిక్కు శబ్దాన్నే ఎక్కువగా వినే సెన్‌హైజర్ 416 లాంటి మైకు బిగించి, నటుల తలల మీదుగా పట్టుకుంటారు. ఫ్రేము అంచుకు బెత్తెడు పైన అది వేలాడాలి. బెత్తెడు కిందికి దిగితే తెర మీద కనిపిస్తుంది, పైకి పోతే మాట పలచబడుతుంది. లైటు మధ్యలోకి వస్తే నీడ గోడ మీదో హీరో నుదుటి మీదో పడుతుంది. ఆ కర్రను చేతులు రెండూ తల మీదికి చాచి మూడు నాలుగు నిమిషాలు వణకకుండా పట్టి చూడండి, బూమ్ ఆపరేటర్ కష్టం తెలుస్తుంది. అతను డైలాగులు నటులతో సమానంగా కంఠతా పట్టి ఉండాలి. తండ్రి మాట అయిపోతూండగానే, కూతురు నోరు తెరవకముందే మైకు ఆమె వైపు తిరిగిపోవాలి. మాట మొదలయ్యాక తిరిగితే మొదటి అక్షరం పోయినట్టే.

దూరం నుంచి తీసే షాట్లకు బూమ్ అందదు. అప్పుడు గింజంత లేపల్ మైకును బట్టల్లో దాస్తారు. ఇక్కడే మన వేషధారణ పరీక్ష పెడుతుంది. పట్టుచీర పమిట కదిలితే గరగర. గంజి పెట్టిన నేతచీర అంతకంటే మొండిది. మంగళసూత్రం ఊగి మైకును తాకితే టిక్కుమంటుంది. గాజుల సంగతి చెప్పక్కర్లేదు. చెయ్యి ఊపుతూ మాట్లాడే అమ్మ పాత్రకు డజను మట్టిగాజులు తొడిగితే సగం డైలాగు వాటిదే. కాస్ట్యూమ్స్ వాళ్లతో సౌండ్ వాళ్లు ముందే కూచుని, గాజులు తగ్గించడమో, గాజుల మధ్య కనపడని టేపు చుట్టడమో, పమిట మడతలో మైకును టేపుతో కదలకుండా బిగించడమో చెయ్యాలి. పట్టీలు కాలు కనిపించే షాట్లో మాత్రమే ఉంటే చాలు. ఇవన్నీ షాట్ రెడీ అన్నాక గుర్తొస్తే పోట్లాటే.

జూబ్లీహిల్స్‌లో షూటింగులకు అద్దెకిచ్చే పెద్ద బంగళాలు చూశారుగా. గ్రానైట్ నేల, గాజు గోడలు, డబుల్ హైట్ హాలు. కెమెరాకు అంతకంటే అందమైన చోటు ఉండదు, మైకుకు అంతకంటే శత్రువు ఉండదు. మాట నేలకు కొట్టుకుని, గాజుకు కొట్టుకుని, నాలుగు దిక్కుల నుంచీ తిరిగొస్తుంది. మందు లేకపోలేదు. కెమెరాకు కనపడని చోటల్లా కార్పెట్లు, మందపాటి దుప్పట్లు, బొంతలు, ఆఖరికి పరుపులు పరవడం, వేలాడదీయడం. ఏసీ ఆపాలి, ఫ్యాన్ ఆపాలి, ఫ్రిజ్ ఆపాలి. ఫ్రిజ్ ఆపినవాడు తన కారు తాళాలు అందులో పెట్టాలన్నది ప్రపంచమంతటా సౌండ్ వాళ్ల చిట్కా: తాళాల కోసం తెరిచినప్పుడు మళ్లీ ఆన్ చెయ్యడం గుర్తొస్తుంది, ఇంటివాళ్ల పెరుగు పాడవదు. మే నెలలో ఏసీ లేకుండా లైట్ల కింద నటించడం ఎలా ఉంటుందో మేకప్ వాళ్లను అడగండి.

అన్నీ సిద్ధమయ్యాక వరుస ఇలా ఉంటుంది. అసిస్టెంట్ డైరెక్టర్ "సైలెన్స్" అంటాడు. "రోల్ సౌండ్" అనగానే రికార్డిస్టు మెషీన్ నడిపి, నడుస్తోందని చెప్తాడు. తర్వాత కెమెరా. తర్వాత క్లాప్ బోర్డు పట్టినవాడు సీను, షాటు, టేకు నంబర్లు చదివి, చెక్కలు టప్పున కొడతాడు. ఆ దెబ్బ బొమ్మలో ఏ ఫ్రేములో పడిందో, శబ్దపు గీతలో ఎక్కడ లేచిందో చూసి ఎడిటింగ్‌లో రెంటినీ కలుపుతారు. ఇప్పుడు కెమెరాకూ రికార్డరుకూ ఒకే టైమ్‌కోడ్ ఇచ్చే చిన్న డబ్బాలు వచ్చినా, క్లాప్ మానలేదు. యంత్రం మొరాయిస్తే ఆ చెక్కల దెబ్బే దిక్కు.

కలపడం ఎంత కచ్చితంగా ఉండాలి? సినిమా సెకనుకు 24 ఫ్రేములు. ఒక్క ఫ్రేము కాలంలో శబ్దం గాలిలో సుమారు 14 మీటర్లు పోతుంది. అంటే 14 మీటర్ల దూరాన ఉన్న మనిషి మాట మనకెప్పుడూ ఒక ఫ్రేము ఆలస్యంగానే చేరుతోంది. మాట కొంచెం వెనకబడితే చెవి క్షమించడానికి కారణం ఈ అలవాటే. ముందొస్తే క్షమించదు. అంతర్జాతీయ ప్రసార ప్రమాణాల ప్రకారం శబ్దం ముందుంటే 45 మిల్లీసెకన్ల దగ్గరే తేడా తెలిసిపోతుంది, వెనకుంటే 125 దాకా పట్టుబడదు.

హోటల్ సీను ఎలా తీస్తారో చూస్తే లైవ్ సౌండ్ అంటే ఏమిటో సగం అర్థమవుతుంది. హీరో హీరోయిన్లు టీ తాగుతూ మాట్లాడుకుంటున్నారు. చుట్టూ నలభై మంది. తెర మీద అంతా సందడి. సెట్టు మీద ఆ నలభై మందీ మూగవాళ్లు. కృష్ణానగర్ నుంచి వచ్చిన జూనియర్ ఆర్టిస్టులు పెదాలు కదుపుతూ, చేతులు తిప్పుతూ, నవ్వుతూ ఉంటారు కానీ గొంతులోంచి గాలి కూడా రాదు. సర్వర్ చెప్పులకు అడుగున మెత్తటి గుడ్డ అంటించి ఉంటుంది. స్టీలు ప్లేటు కింద బట్ట. కాఫీ మరిగించే స్టవ్ వెలగదు. వినపడేవి రెండు గొంతులే. సీను అయ్యాక ఆ నలభై మందినీ మాట్లాడమని ఆ గోలను విడిగా రికార్డు చేసుకుంటారు. తర్వాత ఎంత సందడి కావాలంటే అంత కలపొచ్చు. ముందే కలిసిపోతే పూర్తిగా విడదీయడం ఎవరి తరమూ కాదు. ఏఐ సాఫ్ట్‌వేర్లు వచ్చి ఇప్పుడు కొంత విడదీస్తున్నాయి, నిజమే. హమ్మింగ్, ఏసీ హోరు లాంటివి బాగానే తుడుస్తాయి. సరిగ్గా "అమ్మా" అన్న మాట మీద పడ్డ లారీ హారన్‌ను తుడిస్తే అమ్మకు కూడా గీత పడుతుంది.

బయటివాళ్లకు వింతగా తోచేది ఇంకోటుంది. సీను పూర్తయ్యాక "రూమ్ టోన్" అని అరుస్తారు. నటులు, లైట్‌మెన్, ప్రొడక్షన్ బాయ్స్, అందరూ ఎక్కడివాళ్లక్కడ బొమ్మల్లా నిలబడిపోతారు. అర నిమిషం పాటు రికార్డిస్టు ఏమీ లేనిదాన్ని రికార్డు చేస్తాడు. ఏమీ లేకపోవడమంటూ నిజానికి ఉండదు. ప్రతి గదికీ తనదైన నిశ్శబ్దం ఉంటుంది. రెండు మాటల మధ్య కోత పడినచోట ఆ గది నిశ్శబ్దాన్నే అతకాలి. పూర్తి మౌనం పెడితే స్పీకరు పాడైపోయిందని ప్రేక్షకుడు తల తిప్పి చూస్తాడు.

"ఇంత ట్రాఫిక్‌లో, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ పక్కన, లైవ్ సౌండా?" అని ప్రొడ్యూసర్లు అడిగేది ఇక్కడే. కొండను తొలిచి సెల్లార్లు వేస్తున్న డ్రిల్లింగు, హారన్లు, పెళ్లి ఊరేగింపు బ్యాండు. నిజమే. కానీ చప్పుడు ఉండటం అంత పెద్ద చిక్కు కాదు, అది ఒక షాట్‌లో ఉండి పక్క షాట్‌లో లేకపోవడమే చిక్కు. ఎడతెగని ట్రాఫిక్ హోరును అడుగున ఉంచి దాని మీద సీనును నడపొచ్చు. ఉగాది రోజుల్లో కోయిల సంగతి వేరు. తండ్రి క్లోజప్‌లో కూసి, కొడుకు క్లోజప్‌లో మానేసి, మళ్లీ తండ్రి దగ్గర కూస్తే, అది కోయిలలా కాక ఎవరో స్విచ్ వేస్తున్నట్టు ఉంటుంది. కేబీఆర్ పార్కు నెమళ్లతోనూ ఇదే పేచీ. దానికి రికార్డిస్టు చేసే పని కాచుకోవడం, ఇంకో టేకు అడగడం, పాడైన లైను ఒక్కదాన్ని కెమెరా లేకుండా అక్కడికక్కడే మళ్లీ చెప్పించి వైల్డ్ ట్రాక్‌గా దాచుకోవడం.

నా లెక్కలో అసలు అడ్డంకి ఊరి రొద కాదు, ప్రాంప్టింగ్. తెలుగు రాని నటికి మాట అందిస్తూ తీయడం మనకు దశాబ్దాల అలవాటు. లైవ్‌లో రెండు గొంతులూ పడతాయి కాబట్టి అది కుదరదు. డైలాగు పేపరు సెట్టు మీదే చేతికొచ్చే సినిమాకూ కుదరదు. షాట్ నడుస్తుండగా డైరెక్టర్ అరిచే సినిమాకూ కుదరదు. కెమెరా చప్పుడు పోయింది. 2010 తర్వాతి ఆలెక్సా లాంటి డిజిటల్ కెమెరాలు దాదాపు మూగవే. లైట్లు ఎల్‌ఈడీలయ్యాయి. 32-బిట్ ఫ్లోట్ రికార్డర్లు వచ్చాక గుసగుస వెంటనే కేక వేసినా మాట పగలదు. పాత సాకులు ఒక్కొక్కటే ఊడిపోయాయి. మిగిలింది రిహార్సల్.

అది చేసినవాళ్లు చేసి చూపించారు. 2016లో తరుణ్ భాస్కర్ 'పెళ్లి చూపులు' సింక్ సౌండ్‌లో తీశాడు. తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డుతో పాటు, సంభాషణలకు అతనికి ఇంకో జాతీయ అవార్డు వచ్చింది. ఆ మాటలు కాగితం మీద ఎంత బాగున్నాయో, ఒకరి మాట మీద ఒకరు పడుతూ మాట్లాడుకోవడం వల్ల అంత బాగా వినిపించాయి. 2018లో వెంకటేష్ మహా 'కేరాఫ్ కంచరపాలెం'లో విశాఖ కంచరపాలెం మనుషులనే పెట్టి ఆ పని చేశాడు. కెమెరా ఎప్పుడూ చూడని ఎనభై మందికి పైగా జనాన్ని డబ్బింగ్ గదిలో నిలబెట్టి, పెదాలు చూసి చెప్పమంటే ఆ ఉత్తరాంధ్ర యాస బిగుసుకుపోయి ఉండేది. ఇలాంటి సినిమాకు లైవ్ సౌండ్ తప్ప వేరే దారి లేదు.

అన్నిటికీ అదే దారి అనను. వానమిషన్లు, విండ్ ఫ్యాన్లు, బాంబులు ఉన్న సీనులో మాట పట్టే ప్రయత్నం వృథా. ఐదు భాషల్లో విడుదలయ్యే సినిమాకు ఎలాగూ నాలుగు భాషల్లో డబ్బింగ్ తప్పదు; లైవ్‌లో అడుగుల చప్పుడు, గ్లాసు చప్పుడు తెలుగు మాటకే అతుక్కుని ఉంటాయి గనక, మిగతా భాషల కోసం వాటినన్నిటినీ మళ్లీ పుట్టించాలి. ఖర్చు పెరుగుతుంది. ఇక మంచి డబ్బింగ్ ఎంత మోసం చేయగలదంటే, 2022లో ప్రకటించిన 68వ జాతీయ అవార్డుల్లో, సింక్ సౌండ్ చిత్రాలకే అప్పట్లో ఇచ్చిన లొకేషన్ సౌండ్ అవార్డు 'డొళ్ళు' అనే కన్నడ సినిమాకు వచ్చింది. అది సింక్ సౌండ్ కాదు, డబ్బింగ్ చేసిన సినిమా అని దానికి సౌండ్ డిజైన్ చేసినాయనే బయటపెట్టాడు. జ్యూరీని తప్పుపట్టొచ్చు, ఆ డబ్బింగ్ చెప్పినవాళ్లను మెచ్చుకోనూ వచ్చు.

ఫోన్‌తోనో అద్దె కెమెరాతోనో షార్ట్ ఫిల్మ్ తీయబోయే కుర్రాళ్లు ఈ కొండ చుట్టూ వీధికి పదిమంది ఉన్నారు. వాళ్లకు ఒక్క మాట. లెన్స్ అద్దె కొంత తగ్గించుకుని ఒక సౌండ్ రికార్డిస్టును, ఒక బూమ్ మనిషిని పెట్టుకోండి. లొకేషన్ చూడ్డానికి వెళ్లే రోజునే రికార్డిస్టును వెంట తీసుకెళ్లండి, అదీ షూటింగ్ జరిగే వేళకే. ఆదివారం ఉదయం నిశ్శబ్దంగా కనిపించిన వీధిలో సోమవారం పదింటికి స్కూలు ప్రార్థన మైకు మోగుతుంది.